లైట్లు వెలుగుతున్నాయి, కారు మాత్రం స్టార్ట్ కావట్లేదు: లోపం ఎక్కడుందో పట్టుకునే పద్ధతి

"అన్నా, లైట్లన్నీ మంచిగ వెలుగుతున్నయ్, హారన్ కొడుతున్నది, బండి మాత్రం స్టార్ట్ అయితలేదు. అంటే బ్యాటరీ మంచిగున్నట్టే గదా?" నల్లగొండలోనైనా, జడ్చర్లలోనైనా ఆటో ఎలక్ట్రీషియన్లకు పొద్దున్నే వచ్చే ఫోన్లలో తరచూ వినపడే మాట ఇది. జవాబు మాత్రం "కాదు" అనే చెప్పాలి. లైట్లు వెలిగితే బ్యాటరీలో ఎంతో కొంత కరెంటు ఉందని తెలుస్తుంది, అంతే. ఇంజిన్‌ను తిప్పేంత ఉందో లేదో వాటిని చూసి చెప్పలేం.

లెక్క చూడండి. రెండు హెడ్‌లైట్లు కలిసి తీసుకునేది 9, 10 ఆంపియర్లు. లోపలి చిన్న బల్బుకు అర ఆంపియర్ కూడా అక్కర్లేదు. అదే ఇంజిన్‌ను తిప్పి స్టార్ట్ చేసే సెల్ఫ్ మోటారు చిన్న పెట్రోల్ కారులో కూడా 100 నుంచి 150 ఆంపియర్లు లాగుతుంది. డీజిల్ బండిలో 200 దాటుతుంది, కదిలే మొదటి క్షణంలో ఇంకా ఎక్కువ. లో వోల్టేజీ ఉన్న రోజు ఇంట్లో బల్బు వెలుగుతూనే ఉంటుంది, పొలం దగ్గర 5 హెచ్‌పీ బోరు మోటారు మాత్రం లేవదు. కారులో జరిగేదీ అదే.

ఈ తేడా తెలియక బాగున్న సెల్ఫ్ మోటారు విప్పించుకున్నవాళ్లు, ఇంకో ఏడాది నడిచే బ్యాటరీని పాత సామాన్ల కింద ఇచ్చి కొత్తది కొన్నవాళ్లు చాలామంది ఉన్నారు. ఏదైనా మార్చే ముందు ఓ పావుగంట వరుస ప్రకారం చూసుకోండి. చాలాసార్లు 10 నంబరు పానా, గ్లాసెడు వేడినీళ్లతోనే పని అయిపోతుంది.

మొదలుపెట్టే ముందు

గేరు న్యూట్రల్‌లో ఉండాలి, హ్యాండ్‌బ్రేక్ గట్టిగా లాగి ఉండాలి. ఆటోమేటిక్ అయితే పార్కింగ్‌లో పెట్టండి. చేతి ఉంగరం, గడియారం, కడియం తీసేయండి. బ్యాటరీ పాజిటివ్‌కూ బాడీకీ మధ్య ఉంగరం ఆనిందంటే క్షణంలో ఎర్రగా కాలి వేలికి అతుక్కుంటుంది. బ్యాటరీ నుంచి హైడ్రోజన్ గ్యాస్ వస్తుంది కాబట్టి దగ్గర బీడీ, సిగరెట్, అగ్గిపుల్ల వద్దు. చీకటైతే ఫోన్ టార్చ్ వాడండి.

10 నంబరు పానా, సాండ్‌పేపర్ ముక్క, జంపర్ కేబుల్ (ఇంకో బండి బ్యాటరీ నుంచి కరెంటు తెచ్చుకునే లావు వైర్లు) జత, వోల్టులు కొలిచే మామూలు మల్టీమీటర్ ఉంటే చాలు. మీటర్ లేకపోయినా సగం పని అయిపోతుంది.

వాగు నీళ్లలోంచి వస్తూ ఆగిపోయిన బండి అయితే మాత్రం ఇక్కడే ఆగండి, తాళం తిప్పొద్దు. వానాకాలం లోలెవల్ వంతెనలు దాటేటప్పుడు నీళ్లు గాలి దారిలోంచి సిలిండర్లలోకి పోయి ఉండొచ్చు. నీళ్లు నొక్కుకోవు. సెల్ఫ్ కొడితే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది, కొన్ని వందల్లో పోయే ఖర్చు ఇంజిన్ విప్పేదాకా వెళ్తుంది. అలాంటి బండిని తోసుకుంటూ గానీ, కట్టుకుని గానీ తీసుకెళ్లడమే మంచిది.

తాళం తిప్పి చెవి పెట్టండి

ఏసీ, ఫ్యాన్, మ్యూజిక్ అన్నీ ఆపేసి అద్దం దించి తాళం తిప్పండి. బానెట్ దగ్గర ఇంకొకరు నిలబడి వింటే ఇంకా మంచిది. వినపడే చప్పుడును బట్టి మీ దారి మారుతుంది.

టకటకటకమని వరుసగా కొట్టుకుంటే బ్యాటరీలో చార్జ్ తక్కువ, లేదా టెర్మినల్ (బ్యాటరీకి వైరు బిగించే చోటు) దగ్గర కాంటాక్ట్ సరిగా లేదు. సెల్ఫ్ మోటారుకు కరెంటు కలిపే సొలెనాయిడ్ అనే అయస్కాంత స్విచ్ లాగడానికి కరెంటు చాలుతుంది. మోటారు తిరగబోగానే వోల్టేజీ పడిపోయి సొలెనాయిడ్ వదిలేస్తుంది, మళ్లీ లాగుతుంది, మళ్లీ వదులుతుంది. ఆ టకటక అదే.

ఒక్కసారి "టక్"మని ఆగిపోతే సొలెనాయిడ్ లాగింది, మోటారు తిరగలేదు. సెల్ఫ్‌లో తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు అరిగి ఉండొచ్చు, సొలెనాయిడ్ లోపలి రాగి కాంటాక్టులు కాలి ఉండొచ్చు, కరెంటు బ్యాటరీకి తిరిగొచ్చే ఎర్త్ వైరు తెగి ఉండొచ్చు.

అసలు చప్పుడే లేకపోతే సెల్ఫ్ దాకా ఆర్డర్ చేరడం లేదు. తాళం స్విచ్, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్), ఫ్యూజు, క్లచ్ స్విచ్, ఇమ్మొబిలైజర్ (సరైన తాళం కాకపోతే బండిని ఆపేసే దొంగతనం అడ్డుకట్ట) వైపు వెళ్లాలి.

సర్ర్‌మని మోటారు ఖాళీగా తిరిగి ఇంజిన్ కదలకపోతే సెల్ఫ్‌ను ఇంజిన్‌కు పట్టించే పళ్లచక్రం, అంటే బెండిక్స్, పట్టడం లేదు. సెల్ఫ్ విప్పాల్సిందే, వేరే దారి లేదు.

ఇంజిన్ ఎప్పటిలాగే హుషారుగా తిరుగుతోంది కానీ అందుకోవట్లేదు అంటే బ్యాటరీని, సెల్ఫ్‌ను వదిలేయండి. అది ఇంధనమో, స్పార్కో, సెన్సరో. దాని సంగతి చివర్లో చెబుతాను.

హెడ్‌లైట్ పరీక్ష

మీటర్ లేనివాళ్లకు ఇంతకు మించిన పరీక్ష లేదు. బండిని గోడకు ఎదురుగా పెట్టి హెడ్‌లైట్లు వేయండి. వెలుగును చూస్తూ సెల్ఫ్ కొట్టండి.

వెలుగు ఒక్కసారిగా పడిపోయి ఆరిపోయినట్టయితే కరెంటు చాలడం లేదు. బ్యాటరీ అయినా దిగిపోయి ఉండాలి, టెర్మినలైనా పాడై ఉండాలి. వెలుగు ఇసుమంతైనా తగ్గకపోతే కరెంటు సెల్ఫ్ వైపు వెళ్లడమే లేదు, అంటే తాళం నుంచి సెల్ఫ్ దాకా ఉన్న దారిలో ఎక్కడో తెగింది, లేదా సెల్ఫ్ లోపలే బ్రష్‌లు అందడం లేదు. కొంచెం తగ్గి, టక్‌మని ఆగిపోతే సెల్ఫ్ మీదా, ఎర్త్ మీదా అనుమానం పెట్టుకోండి.

టెర్మినళ్లు: తొందరపడి దాటేయొద్దు

బానెట్ ఎత్తండి. బ్యాటరీ మీద రెండు సీసపు గుబ్బలు, వాటికి బిగించిన క్లాంపులు ఉంటాయి. ఒక్కో క్లాంపును చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూడండి. వెంట్రుకవాసి కదిలినా అది వదులే. తెల్లగానో, పచ్చగా నీలంగానో పొడి పేరుకుని ఉంటే కరెంటుకు అడ్డం పడుతున్నది అదే.

పైకి నున్నగా కనిపించిందని వదిలేయకండి. క్లాంపు విప్పి లోపలి వైపు చూడండి. గుబ్బకూ క్లాంపుకూ మధ్య నల్లటి పలచటి పొర కడుతుంది, బయటికి కనపడదు. ఆ పొర అడ్డంకి 0.02 ఓమ్ ఉందనుకోండి. హెడ్‌లైట్ల 9 ఆంపియర్లకు అక్కడ పోయేది 0.18 వోల్టులు, కంటికి తేడా తెలియదు. సెల్ఫ్ 150 ఆంపియర్లు లాగితే అదే చోట 3 వోల్టులు పోతాయి. 12 వోల్టుల్లో 3 అక్కడే ఆవిరైతే ఇంజిన్ ఏం తిరుగుతుంది? లైట్లు దేదీప్యంగా వెలుగుతూ బండి కదలకపోవడం వెనకున్న రహస్యం చాలాసార్లు ఇదే.

శుభ్రం చేసేటప్పుడు ముందు నెగెటివ్ క్లాంపు విప్పాలి, తర్వాతే పాజిటివ్. పెట్టేటప్పుడు ముందు పాజిటివ్, చివరికి నెగెటివ్. ఎందుకంటే పాజిటివ్ విప్పుతుండగా పానా జారి బాడీకి తగిలితే మంట లేస్తుంది. నెగెటివ్ ముందే తీసేసి ఉంటే ఆ భయం లేదు. గ్లాసు వేడినీళ్లలో చెంచాడు వంటసోడా కలిపి పొడి మీద కొద్దికొద్దిగా పోస్తే నురగ వస్తుంది, పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. ఆ నీళ్లు బ్యాటరీ మూతల్లోకి పోనీయొద్దు. ఆరాక గుబ్బనూ, క్లాంపు లోపలి వైపునూ సాండ్‌పేపర్‌తో సీసం మెరిసేదాకా గీకండి. బిగించాక పైన వాజిలిన్ పూయండి. ముందే పూసి బిగించేవాళ్లున్నారు, నాకైతే పైన పూయడమే నచ్చుతుంది, లోహానికి లోహం నేరుగా ఆనాలి.

బ్యాటరీ తీసి పెట్టాక గడియారం, పవర్ విండో సెట్టింగులు కొన్ని కార్లలో మళ్లీ పెట్టుకోవాల్సి వస్తుంది. టెన్షన్ పడాల్సిన పని లేదు.

మూతలున్న బ్యాటరీ అయితే నీళ్ల మట్టం కూడా చూడండి. మన ప్రాంతంలో మే నెలలో 44, 45 డిగ్రీల ఎండకు నీళ్లు తొందరగా తగ్గుతాయి. ప్లేట్లు బయటపడితే అక్కడి మేర బ్యాటరీ చచ్చినట్టే. పోయాల్సింది డిస్టిల్డ్ వాటర్ మాత్రమే. నల్లగొండ బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి దేశమంతటికీ తెలుసు, దాంతోపాటు లవణాలూ ఉంటాయి. అవి ప్లేట్లను తినేస్తాయి. ప్లాంటు నుంచి తెచ్చే ఆర్వో క్యాన్ నీళ్లు కూడా పోయకండి. తాగడానికి అవి మంచివే కానీ డిస్టిల్డ్ వాటర్‌తో సమానం కావు.

ఎర్త్: మెకానిక్‌లు కూడా మరిచిపోయే వైరు

బ్యాటరీ నెగెటివ్ నుంచి ఒక లావు వైరు బాడీకి, మరొకటి ఇంజిన్‌కో గేర్‌బాక్స్‌కో వెళ్తుంది. సెల్ఫ్ లాగే కరెంటంతా తిరిగొచ్చేది ఆ దారినే. ఇంజిన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుని ఉంటుంది కాబట్టి ఆ వైరు తెగితే బాడీతో సరైన సంబంధమే ఉండదు.

దేవరకొండలో మా బావ కారు ఒకసారి ఇలాగే మొరాయించింది. కొత్త బ్యాటరీ, మెరిసే టెర్మినళ్లు, లైట్లు ధగధగ. తాళం తిప్పితే ఒక్క "టక్". సెల్ఫ్ మార్చాలని అప్పటికే ఒకరు చెప్పి వెళ్లారు. జంపర్ కేబుల్ నల్ల వైరు ఒక కొస బ్యాటరీ నెగెటివ్‌కు, రెండో కొస ఇంజిన్ మీద రంగు లేని ఒక బోల్టుకు పెట్టి తాళం తిప్పమన్నాను. బర్రుమని స్టార్టయింది. కారు కిందికి వంగి చూస్తే గేర్‌బాక్స్ దగ్గర జడలా అల్లిన ఎర్త్ పట్టీ కనిపించింది. బోల్టు కింద పచ్చగా తుప్పు, పోగులు దాదాపు అన్నీ తెగి రెండు మూడు మాత్రమే వేలాడుతున్నాయి. ఆ పట్టీ మార్చారు. సెల్ఫ్ ఇప్పటికీ పాతదే.

ఈ జంపర్ పరీక్షకు ఒక్క నిమిషం చాలు. కేబుల్ తీసేశాక మళ్లీ టక్‌మని ఆగితే సందేహమే లేదు, ఎర్త్. కేబుల్‌తో వేసే క్లచ్ ఉన్న పాత కార్లలో ఇంకో గుర్తు కూడా ఉంది. ఎర్త్ పోయినప్పుడు కరెంటు క్లచ్ కేబుల్ గుండా, యాక్సిలరేటర్ కేబుల్ గుండా దారి వెతుక్కుంటుంది. సెల్ఫ్ కొట్టాక ఆ కేబుల్ వేడెక్కిందంటే వేరే రుజువు అక్కర్లేదు.

మీటర్ ఉంటే

బండి ఆపి కొన్ని గంటలు గడిచాక బ్యాటరీ గుబ్బల మీద కొలవండి. 12.6 వోల్టులుంటే ఫుల్ చార్జ్. 12.4 అంటే ముప్పావు, 12.2 అంటే సగం. 12.0 దగ్గరుంటే పావు వంతే మిగిలింది. 11.8 అంటే ఖాళీ అయినట్టే, అయినా లైట్లు వెలుగుతాయి!

తర్వాత సెల్ఫ్ కొడుతూ చూడండి. 9.6 కిందికి పడిపోతే బ్యాటరీ చార్జ్ అయినా కావాలి, మార్చనైనా మార్చాలి. ముందు చార్జ్ పెట్టించి మళ్లీ చూడండి. చార్జింగ్ తర్వాత 12.6 చూపిస్తూ సెల్ఫ్ కొట్టగానే 8కి, 7కి కూలిపోతే ఆ బ్యాటరీ పనైపోయింది. బ్యాటరీ దుకాణాల్లో లోడ్ టెస్టర్‌తో రెండు నిమిషాల్లో చూసి చెబుతారు. పైన పచ్చ చుక్క కనిపించే బ్యాటరీల్లో ఆ చుక్కను పూర్తిగా నమ్మకండి. ఉన్న 6 సెల్స్‌లో అది చూపించేది ఒక్కదాని పరిస్థితే.

బ్యాటరీలో 12.5 ఉండి, సెల్ఫ్ కొట్టినా పెద్దగా పడకపోతే వైర్లలో నష్టం కొలవాలి. ఎర్ర ముల్లు బ్యాటరీ పాజిటివ్ గుబ్బ మీద పెట్టండి, క్లాంపు మీద కాదు. నల్ల ముల్లు సెల్ఫ్ మీద లావు వైరు బోల్టుకు ఆనించి, ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. అర వోల్టు దాటి చూపిస్తే ఆ దారిలో అడ్డంకి ఉంది. అలాగే నెగెటివ్ గుబ్బ నుంచి ఇంజిన్ లోహానికి కొలిస్తే 0.2, 0.3 కంటే ఎక్కువ రాకూడదు.

అసలు చప్పుడే లేకపోతే

చిన్నవాటితో మొదలుపెట్టండి. క్లచ్ పూర్తిగా తొక్కితేనే సెల్ఫ్ కొట్టే కార్లున్నాయి. ఫ్లోర్ మ్యాట్ ముడతపడి పెడల్ కిందికి వెళ్లకపోయినా బండి మూగపోతుంది. ఆటోమేటిక్ అయితే పార్కింగ్‌లో కాకుండా న్యూట్రల్‌లో పెట్టి ప్రయత్నించండి. అప్పుడు పనిచేస్తే లోపం గేర్ స్విచ్‌ది.

పుష్ బటన్ కారులో బ్రేకు గట్టిగా తొక్కాలి. వెనక బ్రేక్ లైట్ వెలుగుతోందా అని ఎవరినైనా చూడమనండి, వెలగకపోతే బ్రేక్ స్విచ్ పోయింది. తాళంలోని బిళ్ల సెల్ అయిపోయి ఉంటే తాళాన్నే స్టార్ట్ బటన్‌కు ఆనించి బటన్ నొక్కండి, చాలా కార్లలో పనిచేస్తుంది. కొన్నింటిలో తాళం పెట్టే చోటు వేరేగా ఉంటుంది, మాన్యువల్‌లో ఉంటుంది. ఆ సెల్ చాలావరకు సీఆర్ 2032, గడియారాల దుకాణంలో దొరుకుతుంది.

డాష్‌బోర్డు మీద తాళం బొమ్మ లైటు ఆగకుండా మిణుకుమంటుంటే ఇమ్మొబిలైజర్ మీ తాళాన్ని గుర్తుపట్టలేదు. ఇంట్లో ఉన్న రెండో తాళంతో చూడండి.

తర్వాత ఫ్యూజ్ బాక్స్. మూత వెనక బొమ్మలో స్టార్టర్ ఫ్యూజు, రిలే ఎక్కడున్నాయో రాసి ఉంటుంది. పక్కనే అదే నంబరు రిలే మరో పనికి ఉంటే రెండూ మార్చి పెట్టి చూడండి. ఫ్యూజు కాలితే అదే ఆంపియర్‌ది వేయాలి. తీగ చుట్టి నడిపిస్తే వైరింగ్ అంటుకుంటుంది.

ఇవన్నీ బాగుంటే సెల్ఫ్ మీదున్న సన్న వైరుకు టెస్ట్ ల్యాంప్ పెట్టి తాళం తిప్పించండి. ల్యాంప్ వెలిగి సెల్ఫ్ పలకకపోతే లోపం సెల్ఫ్‌లోనే. వెలగకపోతే సెల్ఫ్‌ను ముట్టుకోకండి, లోపం దానికి ముందే ఉంది. వరి కుప్పల పక్కన, గోదాముల దగ్గర బండి పెట్టే ఊళ్లలో ఆ సన్న వైర్లను ఎలుకలు కొరకడం మామూలే. బ్యాటరీ కింద, ఇంజిన్ వెనక గింజలు, పెంట కనిపిస్తే వైరు మొత్తం పొడవునా చూడండి.

సెల్ఫ్ మోటారే అయితే

హైదరాబాద్-విజయవాడ హైవే మీద గంటన్నర నడిపి, నార్కట్‌పల్లి దగ్గర టిఫిన్‌కు ఆగితే మళ్లీ స్టార్ట్ కాదు. అరగంట చల్లారాక ఏమీ జరగనట్టు తిరుగుతుంది. ఈ లక్షణం ఉంటే సెల్ఫ్ అరిగిందని దాదాపు ఖాయం. వేడికి సొలెనాయిడ్ కాయిల్ బలం తగ్గుతుంది, అరిగిన బ్రష్‌లు ఇంకా వదులవుతాయి.

దారిలో ఉంటే ఒకరు తాళం తిప్పి పట్టుకోగా, మరొకరు సెల్ఫ్ బాడీ మీద పానా పిడితో మెల్లగా తట్టండి. బ్రష్ సర్దుకుని ఒకటి రెండుసార్లు స్టార్టవుతుంది. గట్టిగా కొట్టకండి, ఇప్పటి చాలా సెల్ఫ్‌లలో లోపల శాశ్వత అయస్కాంతాలుంటాయి, పగిలిపోతాయి. అలా స్టార్టయిన బండిని ఇంకెక్కడా ఆపకుండా నేరుగా ఎలక్ట్రీషియన్ దగ్గరికి తీసుకెళ్లండి. బ్రష్‌లు, సొలెనాయిడ్ విడిగా మార్చుకోవచ్చు. మొత్తం సెల్ఫ్ కొత్తది అనేముందు విప్పి చూపించమని అడగండి.

సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజిన్ అందుకోవట్లేదు

పెట్రోల్ కారులో తాళం ఆన్ చేసి ఆగితే వెనక సీటు కింద నుంచి రెండు సెకన్ల పాటు "జీఁ" అని పంపు శబ్దం వస్తుంది. రాకపోతే పంపు, దాని రిలే, ఫ్యూజు చూడండి. శబ్దం వస్తే ఇమ్మొబిలైజర్ లైటు, తర్వాత స్పార్క్, ఇంజిన్ తిరగడాన్ని గుర్తించే క్రాంక్ సెన్సర్ చూడాలి. సెన్సర్ సంగతి స్కానర్ పెడితే గానీ తేలదు. డీజిల్ బండిలో ట్యాంకు అడుగంటాక నింపినా డీజిల్ గొట్టాల్లో గాలి పట్టి ఉంటుంది. ఫిల్టర్ దగ్గర చేతి పంపు ఉంటే గట్టిపడేదాకా నొక్కాలి. ఏదైనా సరే, సెల్ఫ్ ఒక్కసారికి పది సెకన్లు మించి కొట్టకండి, మధ్యలో నిమిషం ఆగండి.

దారిలో ఆగిపోతే

జంపర్ పెట్టేటప్పుడు ఎర్ర కేబుల్ ముందు మీ బ్యాటరీ పాజిటివ్‌కు, తర్వాత సాయం చేసే బండి పాజిటివ్‌కు. నల్లది సాయం చేసే బండి నెగెటివ్‌కు, చివరి కొస మీ బ్యాటరీకి దూరంగా ఇంజిన్ లోహానికి. ఆ బండిని ఐదారు నిమిషాలు నడవనిచ్చి మీది కొట్టండి. తీసేటప్పుడు ఇదే వరుస వెనక నుంచి. ట్రాక్టర్ బ్యాటరీ మామూలుగా 12 వోల్టులే, ఊళ్లో అది మంచి సాయం. లారీ, బస్సుల నుంచి మాత్రం తీసుకోకండి. వాటిది 24 వోల్టులు, మీ కారు ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే చిన్న కంప్యూటర్) కాలిపోతుంది.

తోసి స్టార్ట్ చేయడం మాన్యువల్ గేర్ బండ్లకే. సెల్ఫ్ పోయి బ్యాటరీ బాగున్నప్పుడు రెండో గేరులో బాగా పనిచేస్తుంది. బ్యాటరీ పూర్తిగా దిగిపోతే ఈసీయూకూ, పంపుకూ కరెంటు ఉండదు కాబట్టి ఎంత తోసినా దండగే. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు స్టీరింగ్, బ్రేకులు బరువుగా ఉంటాయి, దిగుడు రోడ్డు మీద జాగ్రత్త.

నేషనల్ హైవే మీద అయితే హైవే హెల్ప్‌లైన్ 1033కు ఫోన్ చేయండి. శ్రీశైలం వెళ్లేవాళ్లు మన్ననూరు దాటకముందే బండి పరిస్థితి చూసుకోవాలి. పైన నల్లమల అడవిలో ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల ఉండదు, రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా బండ్లను అనుమతించరు. సెల్ఫ్ మొరాయిస్తున్న బండిని అక్కడ ఫొటోల కోసం ఆపి ఇంజిన్ కట్టేయకండి.

స్టార్టయ్యాక

వెంటనే మీటర్ పెట్టండి. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ మీద 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య ఉండాలి. 13 దాటకపోతే, ఇంజిన్ నడుస్తుండగా కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ చార్జ్ చేయడం లేదు. బెల్టు వదులైందేమో చూడండి. 15 దాటితే ఆ వోల్టేజీని అదుపులో పెట్టే రెగ్యులేటర్ పోయింది, అది కొత్త బ్యాటరీని కూడా ఉడకబెడుతుంది. కొత్త తరం కార్లు కొన్ని పెట్రోల్ ఆదా కోసం చార్జింగ్‌ను తగ్గిస్తాయి కాబట్టి హెడ్‌లైట్లు వేసి మరోసారి కొలవండి.

చార్జింగ్ బాగుండి, రాత్రి 12.6 ఉన్న బ్యాటరీ పొద్దునకు 12.2కు దిగితే, బ్యాటరీ పాతబడి ఉండాలి, లేదంటే ఏదో ఒకటి రాత్రంతా కరెంటు తాగుతోంది. బయట పెట్టించిన మ్యూజిక్ సిస్టమ్, డాష్‌క్యామ్, డిక్కీ లైటు మొదటి అనుమానితులు. నెగెటివ్ క్లాంపు విప్పి, మీటర్‌ను 10 ఆంపియర్ల మీద పెట్టి గుబ్బకూ క్లాంపుకూ మధ్యలో కలపండి. తలుపులు మూసి అరగంట ఆగాక 0.05 ఆంపియర్ కంటే ఎక్కువ చూపిస్తే ఒక్కో ఫ్యూజు తీస్తూ పోండి. ఏ ఫ్యూజు తీసినప్పుడు అంకె పడిపోతుందో లోపం ఆ లైన్‌లో ఉంది. మీటర్ మధ్యలో ఉండగా సెల్ఫ్ మాత్రం కొట్టొద్దు, దాని ఫ్యూజు అప్పటికప్పుడే ఎగిరిపోతుంది.